క్యాన్సర్ డాక్టర్ అవ్వాలంటే: ఇంటర్ నుంచి సూపర్ స్పెషాలిటీ దాకా ఏం చేయాలి

నీట్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ఓపీలో ఇలాంటివి తరచూ జరుగుతుంటాయి. రేడియేషన్ పూర్తయి చెకప్‌కి వచ్చిన తల్లి పక్కన పద్దెనిమిదేళ్ల కూతురు నిలబడి ఉంటుంది. ఫైలు నా చేతికిస్తూ ఆ తల్లి, "మా పాప కూడా క్యాన్సర్ డాక్టరే అవుతానంటోందండీ, కాస్త ఎలాగో చెప్పండి" అంటుంది. బయట ఇంకా అరవై మంది కూర్చుని ఉంటారు. రెండు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి "బాగా చదువుకోమ్మా" అని పంపించేస్తాను. ఆ మాట నాకే చాలదనిపిస్తుంది. వాళ్లను కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నేను చేసింది రేడియేషన్ ఆంకాలజీ (ఆంకాలజీ అంటే క్యాన్సర్ వైద్యం). చదువు, ఉద్యోగం రెండూ హైదరాబాద్‌లోనే.

అడుగు 1: ఎందుకు కావాలనుకుంటున్నారో కాగితం మీద రాయండి

ఈ కోరికతో వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో ఎవరికో ఒకరికి క్యాన్సర్ వచ్చి ఉంటుంది. అది మంచి కారణమే. కానీ అదొక్కటే పన్నెండేళ్ల చదువును మోయలేదు. పోయిన తాతయ్యను మనం బతికించలేం. రేపు వార్డులో ఆయన వయసు మనిషి కనిపించిన ప్రతిసారీ పాత బాధ లేస్తే పని చేయడం కష్టమవుతుంది. అందుకని ఒక పేజీ రాసి పెట్టుకోండి. జబ్బు ఎలా పుడుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉందా? మనుషులతో ఎక్కువసేపు మాట్లాడటం ఇష్టమా? ఏళ్ల తరబడి ఒకే మనిషిని చూస్తూ ఉండటం నచ్చుతుందా? ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఆ పేజీ మళ్లీ తీసి చదవండి. జవాబులు మారితే కంగారు పడొద్దు. ఇంటర్‌లో ఆంకాలజీ అని నిర్ణయించుకోవాల్సిన అవసరమే లేదు. ప్రస్తుతానికి డాక్టర్ అవ్వాలా వద్దా అన్నది తేలితే చాలు.

అడుగు 2: క్యాన్సర్ ఆసుపత్రిలో ఒక పూట గడపండి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ అడుగు సులువు. రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎంఎన్‌జే ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్న ఈ ఆసుపత్రి ప్రభుత్వ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. పంజాగుట్టలో నిమ్స్ ఉంది. భార్య క్యాన్సర్‌తో పోయాక ఎన్టీ రామారావు సంకల్పించిన బసవతారకం ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్‌లో మొదలైంది. ఇవి కాక ప్రైవేటు ఆసుపత్రులు చాలానే ఉన్నాయి.

ఇంటర్ విద్యార్థులను వార్డుల్లోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. జబ్బుపడ్డ మనిషి చూడటానికి వచ్చే వస్తువు కాదు. మీకు సరైన దారి వాలంటీరుగా వెళ్లడం. నయం కాని దశలో ఉన్నవాళ్లను చూసుకునే హాస్పిస్‌లు, పాలియేటివ్ కేర్ సంస్థలు నగరంలో ఉన్నాయి. ముందు ఫోన్ చేసి, వయసు చెప్పి, అమ్మానాన్నల అనుమతితో వెళ్లండి. మంచినీళ్లు అందించడం, పిల్లలతో ఆడటం, ఫైళ్లు సర్దడం, ఏ పని ఇస్తే అది చేయండి.

ఎంబీబీఎస్‌లో చేరాక అయితే మీ కాలేజీ నుంచి ఒక లేఖ తీసుకుని, ఆంకాలజీ విభాగాధిపతి దగ్గర రెండు వారాలు పరిశీలకులుగా ఉంటామని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. పొద్దున తొమ్మిదికల్లా ఓపీ దగ్గర ఉండండి. మొదటి రోజు ప్రశ్నలు వేయకండి, చూడండి. ఆదిలాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు, రాయచూరు నుంచి, నాందేడ్ నుంచి వచ్చినవాళ్లు, పాతబస్తీ నుంచి వచ్చి ఉర్దూలో తప్ప మాట్లాడలేని అమ్మలు, అందరూ ఒకే వరసలో కనిపిస్తారు. ఒకరి చేతిలో స్కాన్ కవరు, ఇంకొకరి చేతిలో ఆరోగ్యశ్రీ కాగితాలు, పక్కన సద్దిమూట. సాయంత్రం ఇంటికెళ్లాక మీకు తిండి సహించకపోతే అది మామూలే. కానీ మర్నాడు మళ్లీ వెళ్లాలనిపించిందా లేదా? మీరు గమనించుకోవాల్సింది దాన్నే.

అడుగు 3: "క్యాన్సర్ డాక్టర్" అంటే ముగ్గురు వేర్వేరు డాక్టర్లని తెలుసుకోండి

ఇక్కడే అందరూ తికమక పడతారు, మెడికల్ విద్యార్థులతో సహా. ముగ్గురి రోజు మూడు రకాలుగా గడుస్తుంది. మీ స్వభావానికి ఏది సరిపోతుందో చూసుకోవాలి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మెడికల్ ఆంకాలజిస్ట్ మందులతో వైద్యం చేస్తారు. కీమో, ఒంట్లోని రోగనిరోధక శక్తిని జబ్బు మీదికి లేపే ఇమ్యునోథెరపీ, క్యాన్సర్ కణాలకే గురిపెట్టే టార్గెటెడ్ మాత్రలు వీళ్ల చేతిలో ఉంటాయి. రోగి ఎత్తు, బరువు కొలిచి, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయో చూసి మోతాదు లెక్కగడతారు. కీమో ఎక్కించిన వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. ఆ సమయంలో జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ, గంటలోపు యాంటీబయోటిక్ పడాలి. అర్ధరాత్రి ఫోన్లు వీళ్లకే ఎక్కువ వస్తాయి. కొత్త మందులు ఏడాదేడాదికీ వస్తూనే ఉంటాయి కాబట్టి చదువు ఎప్పటికీ ఆగదు. చదవడం ఇష్టమున్నవాళ్లకు ఇది పండగ.

సర్జికల్ ఆంకాలజిస్ట్ కోసి తీస్తారు. మన దగ్గర గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట వెలిగించిన కొసను నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లలో అంగుడికి క్యాన్సర్ వస్తుంది. దవడ తీసి, ఒంట్లో వేరే చోటి నుంచి కండ తెచ్చి ఆ ఖాళీ పూడ్చే ఆపరేషన్ ఉదయం మొదలైతే సాయంత్రం దాకా సాగుతుంది. చేతి పని మీద మక్కువ, నిలబడే ఓపిక, నిర్ణయం తీసుకున్నాక వెనక్కి చూడని ధైర్యం కావాలి.

మూడోది నాది, రేడియేషన్ ఆంకాలజీ. రేడియాలజీ వేరు, ఇది వేరు. మా బంధువులు ఇప్పటికీ "స్కానింగ్ డాక్టరా?" అని అడుగుతారు. స్కాన్ తీసి జబ్బు చూసేవాళ్లు రేడియాలజిస్టులు, కిరణాలతో జబ్బును తగ్గించేవాళ్లం మేం. ఊళ్లనుంచి వచ్చేవాళ్లు దీన్ని "కరెంటు పెట్టడం" అంటారు. కృష్ణా జిల్లాలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు గారు ఈ విభాగం వారే. ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది.

మా పనిలో ఒక ముక్క దగ్గరగా చూపిస్తాను. గొంతు క్యాన్సర్ రోగికి చికిత్స మొదలుపెట్టే ముందు ముఖానికి మాస్క్ తయారు చేయాలి. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ షీటును డెబ్భై డిగ్రీల వేడినీళ్లలో వేస్తే రెండు మూడు నిమిషాల్లో రొట్టెపిండిలా మెత్తబడుతుంది. దాన్ని తీసి, తుడిచి, పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, రెండు వైపులా లాగి బల్లకు బిగిస్తాం. చల్లారి గట్టిపడేదాకా ఆ మనిషి కదలకూడదు. కళ్లు మూతబడతాయి, నోరు తెరవడానికి ఉండదు, వెచ్చటిదేదో ముఖానికి అతుక్కుంటుంది. ఎంత ధైర్యస్థులైనా పిడికిలి బిగిస్తారు. అప్పుడు పక్కన నిలబడి "గాలి ఆడుతుంది పెద్దయ్యా, ముక్కుతో మెల్లగా పీల్చండి, ఇంకో రెండు నిమిషాలే" అని చెప్తూ ఉండాలి. ఆ మాస్క్ సరిగ్గా కూర్చోకపోతే కిరణం కొన్ని మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పక్కన వెన్నుపాము ఉంటుంది. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఆ మనిషి రోజూ వచ్చి అదే మాస్క్ కింద పడుకుంటాడు. ఫిజిక్స్ అంటే భయం లేనివాళ్లకు, కంప్యూటర్ తెర మీద స్కాన్‌లో కిరణం పడాల్సిన చోటు చుట్టూ గంటల తరబడి ఓపిగ్గా గీతలు గీయగలవాళ్లకు ఈ విభాగం బాగా నప్పుతుంది.

"రేడియేషన్ మీక్కూడా తగులుతుంది కదా" అని భయపెట్టేవాళ్లుంటారు. చికిత్స జరిగేటప్పుడు మేం మందపాటి కాంక్రీటు గోడ బయట ఉంటాం. ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం, అది ఎంత మోతాదు తగిలిందో నమోదు చేస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. నియమాలు పాటించే విభాగంలో దానికి చాలా దిగువనే ఉంటాం. గర్భవతులైతే వెంటనే చెప్పాలి, డ్యూటీలు మారుస్తారు.

వీళ్లు కాక పిల్లల క్యాన్సర్ చూసేవాళ్లు, రక్త క్యాన్సర్ చూసే హెమటాలజిస్టులు, ముక్క పరీక్ష చదివే పాథాలజిస్టులు, నొప్పి తగ్గించే పాలియేటివ్ డాక్టర్లు ఉన్నారు. పాథాలజిస్ట్ పేరు రోగికి తెలియదు కానీ వాళ్ల ఒక్క వాక్యం మీదే మా అందరి వైద్యం నడుస్తుంది. మనుషుల బాధ ఎదురుగా చూడలేను, కానీ ఈ జబ్బు మీద పని చేయాలనుంది అనేవాళ్లు ఆ దారి తప్పకుండా ఆలోచించండి.

అడుగు 4: నీట్ గడప దాటండి

ఇంటర్‌లో బైపీసీ. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, సగం బయాలజీ నుంచే. రాసే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పేపరు తెలుగులోనూ రాయొచ్చు. అయితే ఎంబీబీఎస్ పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి తెలుగు మీడియం పిల్లలు ఇంటర్ నుంచే ఇంగ్లిష్ పదాలు అలవాటు చేసుకోవడం మంచిది. తెలుగు మీడియం నుంచి వచ్చి మంచి డాక్టర్లయినవాళ్లు నాకు చాలామంది తెలుసు, మొదటి ఆరు నెలలే కష్టం.

తెలంగాణ కౌన్సెలింగ్ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. స్థానికత విషయం ముందే చూసుకోండి. ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధన ఉంది, కొన్ని మినహాయింపులతో. కోచింగ్ కోసమని పిల్లల్ని విజయవాడకో కోటాకో పంపి అక్కడే ఇంటర్ రాయించిన తల్లిదండ్రులు తర్వాత ఇబ్బంది పడ్డారు. ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చదవకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఏ కాలేజీ అన్నదాని మీద ఎక్కువ టెన్షన్ పడకండి. ఉస్మానియా, గాంధీ అయితే రోగులు ఎక్కువ, నేర్చుకునేది ఎక్కువ. ఇప్పుడు తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాలోనూ ప్రభుత్వ కాలేజీ ఉంది. కన్వీనర్ కోటాలో ఎక్కడ వచ్చినా చేరండి. మేనేజ్‌మెంట్ సీటు కోసం ఉన్న రెండెకరాలు అమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. ముందున్నది ఎంత దూరమో ఇంకా చెప్పలేదు. అప్పుతో మొదలైన చదువు పీజీ దగ్గర ఆగిపోవడం కళ్లారా చూశాను.

అడుగు 5: ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లలో ఆంకాలజీని వెతుక్కోండి

నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. పాఠ్యప్రణాళికలో క్యాన్సర్ ప్రత్యేకంగా ఎక్కువ ఉండదు, అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటుంది. పాథాలజీలో నియోప్లాసియా (గడ్డలు, క్యాన్సర్లు పుట్టే తీరు) అధ్యాయాన్ని మార్కుల కోసం కాక ఇష్టంగా చదవండి. సర్జరీ పోస్టింగ్‌లో రొమ్ములో గడ్డ ఉన్న రోగి వస్తే, ఆమె అది ఎప్పుడు చూసుకుంది, ఎవరికి మొదట చెప్పింది, ఆసుపత్రికి రావడానికి ఎన్ని నెలలు పట్టింది అని అడిగి రాసుకోండి. "నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను" అన్న జవాబు ఎన్నిసార్లు వింటారో చూడండి. క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదన్న ఒక్క సంగతి తెలియక మన ఊళ్లలో ఎంత ఆలస్యం జరుగుతోందో అప్పుడు అర్థమవుతుంది.

హిందీ, ఉర్దూ మాట్లాడటం నేర్చుకోండి. హైదరాబాద్‌లో పనిచేయాలంటే స్టెతస్కోపు ఎంత అవసరమో ఇదీ అంతే.

పెద్ద ఆసుపత్రుల్లో వారానికోసారి ట్యూమర్ బోర్డు జరుగుతుంది. ముగ్గురు ఆంకాలజిస్టులు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు ఒక గదిలో కూర్చుని ఒక్కో రోగి గురించి వాదించుకుంటారు. అనుమతి అడిగి వెనక కుర్చీలో కూర్చోండి. మూడు నెలలు వింటే పుస్తకంలో దొరకనిది దొరుకుతుంది.

అడుగు 6: పీజీలో ఏ కొమ్మ పట్టుకోవాలో తేల్చుకోండి

ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ, 200 ప్రశ్నలు, 800 మార్కులు. ఎయిమ్స్, జిప్మర్, చండీగఢ్ పీజీఐ లాంటి సంస్థలకు ఐఎన్ఐ సెట్ అనే ప్రవేశ పరీక్ష వేరుగా, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది.

ఇక్కడ దారి చీలుతుంది. రేడియేషన్ ఆంకాలజీ కావాలంటే నేరుగా మూడేళ్ల ఎండీ. అది పూర్తయితే మీరు క్యాన్సర్ డాక్టరే. మెడికల్ ఆంకాలజీ కావాలంటే ముందు ఎండీ జనరల్ మెడిసిన్ గానీ పీడియాట్రిక్స్ గానీ మూడేళ్లు చేసి, తర్వాత మూడేళ్ల డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేయాలి. రేడియేషన్ ఎండీ చేసినవాళ్లకూ డీఎంకు అర్హత ఉంది. సర్జికల్ ఆంకాలజీకి సాధారణంగా ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆపైన సర్జరీలో సూపర్ స్పెషాలిటీ అయిన మూడేళ్ల ఎంసీహెచ్. ఈ రెండింటికీ నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఎయిమ్స్ లాంటి చోట్లకు ఐఎన్ఐ ఎస్ఎస్ ఉంటుంది. నిమ్స్‌లో డీఎం, ఎంసీహెచ్ రెండూ ఉన్నాయి. కార్పొరేట్, ట్రస్టు ఆసుపత్రుల్లో డీఎన్‌బీ (ఎండీ, ఎంఎస్‌లకు సమానం), డీఆర్ఎన్‌బీ (డీఎం, ఎంసీహెచ్‌లకు సమానం) సీట్లుంటాయి, వాటికీ అంతే విలువ ఉంది.

సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడకండి. అక్కడ చదువుతున్న రెండో ఏడాది పీజీకి ఫోన్ చేసి అడగండి: లీనాక్ (కిరణాలిచ్చే యంత్రం) పనిచేస్తోందా, రోజుకు ఎంతమంది రోగులు, చేతికి పని ఇస్తారా, బ్రాకీథెరపీ (గడ్డ లోపలో పక్కనో పెట్టి ఇచ్చే రేడియేషన్) జరుగుతుందా. సర్జరీ అయితే రెసిడెంట్ చేత స్వయంగా ఎన్ని కేసులు చేయిస్తారో అడగండి. బాండ్ షరతులు కూడా అప్పుడే చదవాలి. పీజీ తర్వాత ఎన్నేళ్లు ప్రభుత్వ సేవ చేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. వేరే రాష్ట్రంలో సూపర్ స్పెషాలిటీ సీటు వచ్చాక ఈ కాగితం తీసి చూసుకుని తలపట్టుకున్నవాళ్లున్నారు.

అడుగు 7: వయసు లెక్క ఇంట్లో ముందే చెప్పండి

పద్దెనిమిదికి ఎంబీబీఎస్‌లో చేరితే ఇరవై మూడున్నరకు బయటికొస్తారు. ఎండీ అయ్యేసరికి ఇరవై ఆరున్నర. డీఎం లేదా ఎంసీహెచ్ అయ్యేసరికి ముప్పై దగ్గర. ఇదంతా ఒక్క ఏడాది కూడా జారకుండా లెక్క. లాంగ్‌టర్మ్ ఒక ఏడాది, పీజీ ప్రిపరేషన్ ఒక ఏడాది, బాండ్ ఒక ఏడాది కలిపితే ముప్పై మూడు. ఇంజనీరింగ్ చేసిన మీ క్లాస్‌మేట్ అప్పటికి గచ్చిబౌలిలో ఫ్లాట్ కొని ఉంటాడు. మీకు పీజీలో స్టైపెండ్ వస్తుంది, దాంతో మీ ఖర్చు గడుస్తుంది, ఇంటికి పంపడం కష్టమే.

అమ్మాయిలకు ఇంకో మాట. పెళ్లి, పిల్లలు అని ఇంట్లో ఒత్తిడి పెట్టే ఏళ్లూ, రెసిడెన్సీ ఏళ్లూ ఒకటే. రెండూ కుదుర్చుకున్న సహోద్యోగులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లందరిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే: పెళ్లికి ముందే అవతలి కుటుంబానికి నైట్ డ్యూటీల గురించి, మిగిలిన ఏళ్ల గురించి విడమర్చి చెప్పారు. అత్తగారు వచ్చి పిల్లాణ్ని చూసుకుంటే థీసిస్ రాసుకున్న డాక్టర్లు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. ఆ సాయం అడగడానికి మొహమాటపడొద్దు.

అడుగు 8: చెడు కబురు చెప్పడం నేర్చుకోండి

మిగతావన్నీ పరీక్ష రాస్తే వస్తాయి. ఇది రాదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అందుకే ఈ అడుగు దగ్గర కాసేపు ఆగుతాను.

పీజీ మొదటి ఏడాదిలో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. నాలుక పక్కన పుండుతో వచ్చిన రైతు. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చింది. వరండాలో నడుస్తూ ఎదురుపడితే, నిలబడే, "మాలిగ్నెన్సీ వచ్చింది, స్టేజింగ్ చేయాలి, సోమవారం అడ్మిట్ అవ్వండి" అన్నాను. ఆయన తల ఊపాడు. అర్థమైందనుకుని వెళ్లిపోయాను. సోమవారం రాలేదు. నాలుగు నెలల తర్వాత మెడలో గడ్డతో వచ్చాడు. "మీరు పెద్ద జబ్బని చెప్పలేదు కదమ్మా, ఏదో పుండన్నారనుకున్నా" అని ఆయన భార్య పక్కనున్న నర్సుతో అంటుంటే విన్నాను. మాలిగ్నెన్సీ అంటే క్యాన్సరే, నేను చెప్పాను. ఆయనకు వినపడే భాషలో చెప్పలేదు. ఆయన పోగొట్టుకున్న ఆ నాలుగు నెలలకు నాదే బాధ్యత.

అప్పటినుంచి నేను పాటించేది చెప్తాను. చెడు కబురు చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది, స్పైక్స్ అంటారు. మన ఓపీలో అది ఇలా ఉంటుంది. ముందు కూర్చోండి, ఆయన్నీ కూర్చోబెట్టండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. "మీకు ఏమైందని అనుకుంటున్నారు?" అని అడగండి. సగం మందికి అనుమానం ఉండనే ఉంటుంది. తర్వాత, "ముక్క పరీక్షలో ఏం వచ్చిందో మీరే వింటారా, ఇంట్లోవాళ్లకు చెప్పనా?" అని అడగండి. ఆయన వింటానంటే, "మనం అనుకున్నంత మంచి రిపోర్టు రాలేదండీ" అని ఒక మాట వేసి ఆగండి. అప్పుడు క్యాన్సర్ అనే మాట స్పష్టంగా అనండి. గడ్డ, పుండు, ఇన్ఫెక్షన్ అంటూ చుట్టూ తిరగకండి. అన్నాక మాట్లాడటం ఆపేయండి. ఆ నిశ్శబ్దం చాలా పొడవుగా అనిపిస్తుంది. మందుల పేర్లతో దాన్ని నింపాలనిపిస్తుంది, నింపకండి. ఆయన తలెత్తి మీవైపు చూసినప్పుడు తర్వాత ఏం చేయబోతున్నామో చెప్పండి. చివర్లో "ఇంటికెళ్లి మీ ఆవిడకు ఏమని చెప్తారు?" అని అడగండి. ఆయన నోటితో వచ్చే జవాబులోనే అర్థమైందో లేదో తెలుస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కొడుకు ముందే లోపలికొచ్చి చేతులు పట్టుకుని, "నాన్నకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేడు" అంటాడు. అది ప్రేమే, కసురుకోకూడదు. అలాగని అబద్ధం ఆడతానని మాటివ్వకూడదు. నేను, "నా అంతట నేను గబుక్కున చెప్పను. కానీ ఆయనే అడిగితే అబద్ధం చెప్పలేను. ఆయనకు చెప్తే ఏమవుతుందని భయపడుతున్నారు?" అంటాను. చాలాసార్లు భయం అప్పుల గురించో, చెల్లెలి పెళ్లి గురించో ఉంటుంది. దాని గురించి మాట్లాడుకున్నాక వాళ్లే ఒప్పుకుంటారు. రోజూ వచ్చి మాస్క్ కింద పడుకునే మనిషికి తనకేమైందో తెలియకుండా ఉంటుందా? తెలిసీ తెలియనట్టు నటించాల్సి రావడం ఆయనకు ఒంటరితనం.

"ఎన్నాళ్లు బతుకుతాను?" అని అడుగుతారు. తేదీ చెప్పకండి. నెలల్లో మాటా, ఏళ్లలో మాటా అన్నది మాత్రం నిజాయితీగా చెప్పండి. నయం కాని దశ వస్తే "ఇంక చేసేదేం లేదు" అన్న వాక్యం నోట రానివ్వకండి. చేసేది చాలా ఉంది. నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి ఇస్తే ఎముక నొప్పితో నిద్రలేని మనిషి ఆ రాత్రి పడుకుంటాడు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి మార్ఫిన్ అందుబాటును సులువు చేశారు. దాన్ని సరిగ్గా రాయడం తెలిసిన డాక్టర్లే ఇంకా తక్కువ. మీరు నేర్చుకోండి.

ఈ పనిలో మనసు అలసిపోతుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 14 లక్షల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ బయటపడింది, 9 లక్షల మందికి పైగా చనిపోయారు. మీ వార్డులో ఆ రెండు అంకెలూ మనుషులై కనిపిస్తాయి. నయమైనవాళ్ల కోసం కూడా చూడండి. లింఫోమా అనే క్యాన్సర్ తగ్గిన కుర్రాడు పెళ్లి శుభలేఖ తెచ్చిస్తాడు. అలాంటివి డ్రాయర్‌లో దాచుకోండి. ఎవరైనా పోయిన రోజు సాయంత్రం టీమ్‌లో ఒకరితో దాని గురించి పది నిమిషాలు మాట్లాడకుండా ఇంటికి వెళ్లకండి.

అడుగు 9: సీటు రాకపోతే

ర్యాంకు రాలేదని ఈ రంగం వదిలేయక్కర్లేదు. లీనాక్ నడిపేది రేడియోథెరపీ టెక్నాలజిస్టులు, దానికి బీఎస్సీ కోర్సులున్నాయి. కిరణం ఎంత, ఏ కోణంలో అన్న లెక్క సరిచూసేది మెడికల్ ఫిజిసిస్టులు, ఫిజిక్స్ ఎమ్మెస్సీ దారిలో వెళ్తారు. వాళ్లు సంతకం పెట్టకుండా నేను ఒక్క రోగికీ చికిత్స మొదలుపెట్టలేను. ఆంకాలజీ నర్సుల కొరత ఎప్పుడూ ఉంటుంది. పరిశోధన వైపు మనసుంటే తార్నాక దగ్గర జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, నగరం చుట్టూ క్యాన్సర్ మందులు తయారుచేసే ఫార్మా కంపెనీలున్నాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో మెడిసిన్ చదివారు. ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అమెరికా వెళ్లి ల్యాబ్‌లోనే ఉండిపోయారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గించగలిగారు. ఆ ఫలితాలు అచ్చయింది 1948లో. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ ల్యుకేమియా పిల్లలు చికిత్స చివరి దశలో ఆ చిన్న మాత్ర వారానికోసారి వేసుకుంటారు. రోజూ వేస్తే ప్రమాదం. అందుకే డేకేర్‌లో మా సిస్టర్ ప్రతి స్ట్రిప్పు వెనకా పెన్నుతో పెద్దక్షరాలతో "బుధవారం మాత్రమే" అని రాసి, పిల్లవాడి తల్లి చేత ఆ మాట రెండుసార్లు పైకి చదివించుకున్నాకే చేతికిస్తుంది.